కాకినాడ–కోటిపల్లి రైలుమార్గం: 1940లో పీకిన పట్టాలు 2004 దాకా ఎందుకు పడలేదు?

గౌతమి_రేవు

కాకినాడ నుంచి కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల బ్రాడ్‌గేజ్ మార్గం 1928లో వేశారు. పన్నెండేళ్ళు తిరిగేసరికి, 1940లో, యుద్ధం పేరు చెప్పి పట్టాలు పీకేశారు. మళ్ళీ రైలు వచ్చింది 2004లో. ఈ మూడు సంవత్సరాలూ ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటి మధ్య ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయరు.

మా ఇంట్లో పెద్దవాళ్ళను ఎప్పుడు అడిగినా ఒకటే మాట: "తెల్లవాడు పట్టాలు యుద్ధానికి పట్టుకుపోయాడు." నాకు దానితో తృప్తి లేదు. ఇనుము కావలసివస్తే మద్రాసు–కలకత్తా లైను పీకలేదు కదా, మన లైనే ఎందుకు కంటబడింది? పీకారు సరే, యుద్ధం 1945లో అయిపోయింది, తిరిగి ఎందుకు వేయలేదు?

తెలిసినవాళ్ళు చెప్పండి. ఈ లైను మీద నడిచి కోవిడ్ నాడు ఆగిన ఒంటిపెట్టె రైలుబస్సు సంగతి మాత్రం దయచేసి ఇక్కడికి తేకండి. దానికి వేరే చర్చ పెట్టుకుందాం, లేకపోతే మూడో జవాబు దాటకుండానే రాజకీయం మొదలవుతుంది.

రైల్వే_విశ్రాంతుడు

ఉద్యోగమంతా పట్టాల మీదే గడిచింది కాబట్టి మొదటి ప్రశ్నకు నేను చెబుతాను.

పీకినది మన ఒక్క లైనే కాదు. యుద్ధం రాగానే దేశంలో రాబడి తక్కువగా ఉన్న శాఖామార్గాలను ఏరి, పట్టాలు, ఇంజన్లు, వ్యాగన్లు పశ్చిమాసియాకు పంపారు. కేరళలో షోరనూరు–నిలంబూరు లైను 1941లో పోయింది. హిమాచల్‌లో కాంగ్రా లోయ లైనులో నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ దాకా ఉన్న ముక్క 1942లో పోయింది. తమిళనాడులో మదురై–బోడినాయకనూరు లైనును మనలాగే 1928లో ప్రారంభించారు, దాన్నీ యుద్ధంలోనే పీకారు. ముఖ్యమార్గం పీకితే సైన్యమే కదలదు. అందుకే కొసన ఉన్నవాటి మీద పడ్డారు. ఇక్కడ కొస అంటే కోటిపల్లి. ఆ తరవాత గోదావరే.

ఒక సంగతి గమనించండి. మనది 1940లోనే పోయింది. మిగతావాటికన్నా ముందు. యుద్ధం మొదలైంది 1939 సెప్టెంబరులో. అంత తొందరగా మన లైను జాబితాకెక్కిందంటే, లైను నడిపిన రైల్వే కంపెనీకి అప్పటికే దాని మీద ఆశ పోయి ఉంటుందని నా ఊహ. ఊహే సుమండీ. నష్టంలో నడిచే లైనును వదిలించుకోవడానికి అంతకు మించిన సాకు దొరకదు.

లెక్కల_మాస్టారు

పీకిన ఇనుము ఎంత ఉంటుందో చూద్దాం. 45 కిలోమీటర్లు, రెండు వరసలు, అంటే 90 కిలోమీటర్ల పట్టా. గజాల్లో సుమారు 98,400. శాఖామార్గానికి గజానికి 60 పౌన్ల పట్టా వేశారనుకుంటే 2,600 టన్నుల పైచిలుకు. 75 పౌన్లదైతే 3,300 టన్నుల దగ్గర తేలుతుంది. పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్లు, మేకులు వేరే.

రాజమండ్రి వంతెన లాంటి నిర్మాణాల పక్కన ఇది పెద్ద అంకె కాదు. ఆ రోజుల్లో మామూలు సరకు ఓడ ఒక్కదానిలో పట్టే బరువు.

ముక్తేశ్వరం_అల్లుడు

మాస్టారూ, ఆ ఓడ మాటే నేనూ చెబుదామనుకుంటున్నాను. మా మామగారి వైపు అందరూ చెప్పే కథ ఏమిటంటే, ఆ పట్టాలు ఎక్కించుకున్న ఓడ సముద్రంలో మునిగిపోయిందట. అటు యుద్ధానికీ పనికిరాలేదు, ఇటు మనకూ దక్కలేదు. చెప్పేటప్పుడు వాళ్ళ ముఖాల్లో ఒక రకమైన సంతోషం కూడా ఉంటుంది.

రైల్వే_విశ్రాంతుడు

పట్టాలు పోయిన ప్రతి ఊళ్ళోనూ ఒక ఓడ మునుగుతుంది అల్లుడుగారూ! ఓడ పేరు, బయలుదేరిన రేవు, తేదీ, ఈ మూడింట్లో ఒక్కటి ఎవరైనా చూపిస్తే నమ్ముదాం. అప్పటిదాకా మామగారి మాట మామగారిదే.

పాతపటాలు

నష్టంలో నడిచి ఉంటుందన్న ఊహకు నా దగ్గర మరికొంత బలం ఉంది.

ఈ లైను పుట్టిన సమయం చూడండి. 1928. మరుసటి ఏడాది చివర ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం. గోదావరి జిల్లాల్లో ధాన్యం ధర దారుణంగా పడిపోయింది, రైతు శిస్తు కట్టలేని పరిస్థితి. ధాన్యం, బియ్యం మోసి బతకాల్సిన లైనుకు పసితనంలోనే పాలు కరవయ్యాయి. దానికి తోడు మోటారు బస్సులు. రైళ్ళ రాబడిని బస్సులు ఎంత మింగేస్తున్నాయో తేల్చమని ప్రభుత్వం 1932లో మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులకు అప్పగించింది. ఆ గొడవ ముదిరి ముదిరి 1939లో మోటారు వాహనాల చట్టం దాకా వెళ్ళింది. దగ్గరి దూరాల శాఖామార్గాలకే బస్సు దెబ్బ గట్టిగా తగిలింది. కాకినాడ–రామచంద్రపురం సరిగ్గా అలాంటి దూరం.

కానీ నన్నడిగితే అసలు పోటీదారు బస్సు కాదు, పడవ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తూర్పు డెల్టాలో తవ్విన కాలువలు చూడండి: సామర్లకోట కాలువ, కాకినాడ కాలువ, మండపేట కాలువ, కోరంగి కాలువ, ఇంజరం కాలువ. నీళ్ళకు ఎంతో పడవలకూ అంతే. లాకులు కట్టారు, గట్టున తాడు పట్టి లాగడానికి దారి వదిలారు. మిల్లు గట్టు మీదే ఉంటుంది, పడవ గుమ్మంలోకే వస్తుంది. రైలుకైతే బస్తాను బండి మీద స్టేషనుకు తోలాలి, దించాలి, మళ్ళీ వ్యాగన్‌లోకి ఎక్కించాలి, కాకినాడలో మళ్ళీ దించాలి. ఆ రోజుల్లో కాకినాడ రేవులో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు, దూరంగా లంగరు వేసేవి. సరకు పడవల మీదే ఓడకు చేరాలి. ఎలాగూ పడవ తప్పనప్పుడు మొదటి నుంచీ పడవే ఎక్కిస్తే పోలా అనుకోడా వర్తకుడు?

కాటన్ దొర ఇండియాకు రైళ్ళకన్నా కాలువలే మేలని జీవితమంతా వాదించినవాడు. చమత్కారం ఏమిటంటే, ఆనకట్ట రాయి మోయడానికి ధవళేశ్వరంలో పట్టాలు వేయించినదీ ఆయనే, 1845లో. బొంబాయి–ఠాణా రైలుకు ఎనిమిదేళ్ళ ముందు. ప్రయాణికుల రైలు కాదు లెండి, రాళ్ళ బండ్ల దారి. ఆయన గెలిచాడని చెప్పడానికి కోటిపల్లి లైనుకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

లెక్కల_మాస్టారు

పాతపటాలు గారూ, ఒక సందేహం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. ఆ నెలల్లో పడవలు నడవవు. అప్పుడైనా రైలుకు పని ఉండాలి.

పాతపటాలు

మంచి ప్రశ్న. అయితే కాలువలు కట్టేసే నాటికి సార్వా (మొదటి పంట) ధాన్యం కదిలిపోయి ఉంటుంది. కోతలు మార్గశిరంలో, నూర్పుళ్ళు సంక్రాంతి అటూ ఇటూగా. ఆ తరవాత మూడు నెలలు సరకు జోరుగా కదిలే కాలం, అప్పుడు కాలువ నిండుగా ఉంటుంది. కట్టేసేసరికి పెద్ద బేరం ముగుస్తుంది. రైలుకు మిగిలేది అడుగున ఉన్న గింజలు.

ద్రాక్షారామ_వాసి

మీరంతా సరకు లెక్కలే చూస్తున్నారు. ఈ లైను మీద దేవుళ్ళు కూడా ఉన్నారు! ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి. కోటిపల్లి సోమేశ్వరుడి గుడి గోదావరి ఒడ్డునే. శివరాత్రికి, కార్తీకమాసానికి జనం ఎంత వస్తారో ఆ దారిన వెళ్ళినవాళ్ళకు తెలుసు. అయితే ఏడాదికి నాలుగు వారాల జనంతో రైలు బతకదనుకోండి, ఒప్పుకుంటాను.

నేను చెప్పదలచుకున్నది కట్ట గురించి. పట్టాలు పోయాక మిగిలింది కట్ట ఒక్కటే. మావైపు పొలాలన్నీ పల్లం, వానాకాలం చేలగట్ల మీద కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. చుట్టుపక్కల ఎత్తుగా, ఎండిపోయి ఉండే దారి రైలుకట్టే. రెండెడ్ల బళ్ళు దాని మీదే పోయేవి, ధాన్యం దాని మీదే ఆరబోసేవాళ్ళు, వరద వస్తే గొడ్లను దాని మీదికే తోలేవాళ్ళు. కట్ట పోయడానికి మట్టి తవ్విన గుంటలు పక్కన వరసగా ఉండేవి. తామర, గుర్రపుడెక్క అల్లుకుపోయి, లోపల కొర్రమీనులు.

ఇంకొకటి. డెల్టాలో గుండు రాయి ఉండదు. అంతా ఒండ్రుమట్టి. కంకర కావాలంటే ఎక్కడినుంచో తేవాల్సిందే. పట్టాలు తీసుకెళ్ళినవాళ్ళు ఆ కంకరను అంతా తీసుకెళ్ళలేదట. మా తాతగారి పాత ఇంటి పశువుల పాక నేల తవ్వితే అడుగున పిడికెడంత నల్లరాళ్ళు వచ్చాయి, అంచులు పదునుగా. నదిలో దొర్లిన రాయికి ఆ పదును ఉండదు. ఆ రాళ్ళు ఎక్కడివని మా నాన్నగారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

కరప_కుర్రాడు

చాలా బాగుంది ఈ చర్చ. రైలుబస్సు గురించి అడగవద్దన్నారు కానీ ఒక్క ముక్క రాస్తాను, ఇది చరిత్రే కదా. చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి అందులోనే వెళ్ళేవాళ్ళం. ఒకే పెట్టె. గేటు దగ్గరికి రాగానే బండి ఆగుతుంది. ఒకాయన దిగి, రోడ్డుకు అడ్డంగా గేటు వేసి, పచ్చజెండా ఊపుతాడు. బండి మెల్లగా దాటి అవతల మళ్ళీ ఆగుతుంది. ఆయన గేటు తీసి, సైకిళ్ళవాళ్ళను పోనిచ్చి, పరుగున వచ్చి ఎక్కుతాడు. మళ్ళీ కొంత దూరం పోగానే ఇంకో గేటు. మా మామయ్య మోటారు సైకిలు మీద మాకన్నా ముందే ఇంటికి చేరి, స్టేషనులో మాకోసం నిలబడి ఉండేవాడు.

నిర్వాహకుడు

రైలుబస్సు గురించి ఈ ఒక్కటే ఉంచుతున్నాను. బాగా రాశారు కాబట్టి.

రైల్వే_విశ్రాంతుడు

అబ్బాయి చూసినది ఉత్తినే కాదు. లైను మీద ఒకసారికి ఒకే బండి ఉండే పద్ధతిలో సిగ్నళ్ళ ఖర్చు, గేటుకో మనిషి ఖర్చు మిగులుతాయి. కానీ ఆ మిగులుకు మూల్యం ప్రయాణికుడి సమయం. బస్సు గంటలో చేరుస్తుంటే రైలు ఎవరు ఎక్కుతారు?

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను, 1945 తరవాత ఎందుకు వేయలేదన్నది. ఇది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న విషయం. నిలంబూరు లైను 1954లో తిరిగి వచ్చింది. జోగిందర్‌నగర్ ముక్క కూడా 1954లోనే. బోడినాయకనూరు లైనునూ ఆ రోజుల్లోనే మళ్ళీ వేశారు. మనకు 2004. పీకిన పన్నెండు పదమూడేళ్ళకు వాళ్ళకు తిరిగి వస్తే మనకు అరవై నాలుగేళ్ళు పట్టింది.

మన లైను వేసిన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీని 1944లో ప్రభుత్వం తీసేసుకుంది. 1951లో అది దక్షిణ రైల్వేలో కలిసింది. నిలంబూరు, బోడినాయకనూరు కూడా ఆ దక్షిణ రైల్వేలోవే. ఒకే జోన్, ఒకే యుద్ధం, ఒకే కారణంతో పోయిన మూడు లైన్లు. రెండింటికి పట్టాలు దొరికాయి. ఒకదానికి దొరకలేదు.

ముక్తేశ్వరం_అల్లుడు

ఇందులో ఆశ్చర్యం ఏముంది? 1953 అక్టోబరులో మనం మద్రాసు నుంచి విడిపోయాం. జోన్ కార్యాలయం మద్రాసులో. మరుసటి ఏడాది పట్టాలు వెళ్ళింది మలబారుకూ మదురైకీ. ఇంకా చెప్పాలా?

లెక్కల_మాస్టారు

చెప్పాలి. లైను మంజూరు చేసేది మద్రాసు కాదు, ఢిల్లీలో రైల్వే బోర్డు. కాంగ్రా లైనుకు మద్రాసుతో సంబంధమే లేదు, దానికీ 1954లోనే ఇచ్చారు. తేదీలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు.

పాతపటాలు

నేనూ మాస్టారు పక్షమే. ఆ లైన్లకు ఉన్నదీ మనకు లేనిదీ చూడండి. నిలంబూరులో టేకు అడవి. బోడినాయకనూరు ఏలకుల కొండల కింద ఊరు. జోగిందర్‌నగర్ దగ్గర షానన్ జలవిద్యుత్ కేంద్రం, పైగా సరిహద్దు రాష్ట్రం. ఆ చోట్ల సరకు కదలడానికి, అవసరం తీరడానికి రైలు తప్ప తేలికైన దారి లేదు. మనకు? చదును నేల, నాలుగు వైపులా కాలువలు, గట్ల మీద రోడ్లు. డెల్టా ఎంత బాగుంటే రైలుకు అంత గిరాకీ తగ్గింది. వేయకపోతే ఊపిరాడదని అనిపించే ఊరు ఆ దారిలో ఒక్కటీ లేదు. అడిగిన వాళ్ళు ఉండే ఉంటారు, గట్టిగా అడగాల్సిన వాళ్ళకు అవసరం పడలేదు.

గౌతమి_రేవు

పాతపటాలు గారూ, ఇక్కడ మీతో విభేదిస్తాను. అవసరం ఉన్నవాళ్ళు ఉన్నారు. కాకపోతే వాళ్ళు లైను మీద లేరు, నదికి అవతల ఉన్నారు.

కోటిపల్లి రేవులో నిలబడి చూడండి. అటు ముక్తేశ్వరం, దాని వెనక అమలాపురం, కోనసీమ అంతా. గోదావరి పాయలు గౌతమి, వశిష్ఠ చుట్టుముట్టి, వైనతేయ మధ్యలో చీల్చిన నేల. అక్కడ ఇవాళ్టికీ రైలు లేదు. కొబ్బరికాయ బయటికి పోవాలన్నా, మనిషి కాకినాడ ఆసుపత్రికి పోవాలన్నా పంటు (నది దాటించే పడవ) ఎక్కాల్సిందే, లేదా చుట్టూ తిరిగి వంతెనల మీదుగా పోవాల్సిందే. 1928లో లైనును కోటిపల్లి దాకా తెచ్చి ఆపేశారు. నది దాటించలేదు. అంటే సగం లైను వేసి, ఆ సగానికి రాబడి రాలేదని లెక్క చూపించి, పీకేశారు. 2004లో తిరిగి ఆ సగమే వేశారు, మళ్ళీ రాబడి లేదన్నారు. పడవలో నది దాటి వచ్చి, రేవు నుంచి స్టేషనుకు నడిచి, రోజుకు ఒకటో రెండో ఉండే బండి కోసం కూర్చునేవాడెవడు? ఒడ్డెక్కగానే బస్సు ఎదురుగా ఉంటుంది.

కాలువలూ బస్సులూ నిజమే. కానీ ఈ లైనుకు సరుకు, ప్రయాణికులు ఉన్న చోటుకు వెళ్ళే అవకాశమే ఎప్పుడూ ఇవ్వలేదు.

ముక్తేశ్వరం_అల్లుడు

ఈ మాటకు మా ఊరంతా చేతులెత్తుతుంది.

అది గ్రహించిన నాయకుడు బాలయోగిగారు. లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు కాకినాడ–కోటిపల్లి పునరుద్ధరణతో ఆగకుండా, కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త లైను 2000–01 రైల్వే బడ్జెట్‌లో పెట్టించారు. నరసాపురంలో ఇప్పటికే రైలు ఉంది కాబట్టి అటు భీమవరం వైపు కలిసిపోతుంది, కోటిపల్లి కొస కాకుండా పోతుంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. పాత లైనుకు రైలు వచ్చింది చూడలేదు. 2003 పుష్కరాలకూ అది అందలేదు.

రైల్వే_విశ్రాంతుడు

ఆ 57 కిలోమీటర్లలో కష్టమంతా మూడు వంతెనలే. గౌతమి మీద ఒకటి, వైనతేయ మీద ఒకటి, వశిష్ఠ మీద ఒకటి. ఇక్కడ గట్టినేల కోసం వంతెన స్తంభాల పునాది బావులు చాలా లోతుకు దించాలి. వరద నెలల్లో పని సాగదు. మిగతా దారంతా మెత్తటి నేల మీద ఎత్తు కట్ట, ప్రతి మురుగు కాలువకూ పంటకాలువకూ తూము. కోనసీమలో ఎకరం ధర తెలిసినవాళ్ళకు భూసేకరణ గురించి వేరే చెప్పక్కరలేదు. ఖర్చులో రాష్ట్రం వాటా కూడా ఉంది, ఆ వాటా దగ్గర ఆగడం ఒకసారి కాదు.

1928 నాటి కంపెనీ గౌతమి దాటించకపోవడం నాకు తప్పుగా తోచదు. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన మీద మద్రాసు–కలకత్తా మధ్య బళ్ళన్నీ నడిచాయి కాబట్టి ఖర్చు గిట్టింది. కొబ్బరితోటల కోసం అలాంటి వంతెన ఏ కంపెనీ కడుతుంది?

గౌతమి_రేవు

కంపెనీ కట్టదు, ఒప్పుకున్నాను. 1947 తరవాత ఉన్నది కంపెనీ కాదు కదా.

ద్రాక్షారామ_వాసి

ఇంతకీ రైలు రాబడి సంగతి రాతపూర్వకంగా ఎక్కడ దొరుకుతుంది? అంతా ఊహల మీదే నడుస్తోంది.

పాతపటాలు

ఆనాటి రైల్వే బోర్డు ఏటేటా నివేదికలు అచ్చువేసేది, వాటిలో చూడాలి. భూమి సంగతికైతే ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్. 1894 భూసేకరణ చట్టం కింద ప్రకటనలు అందులో పడేవి, గ్రామం పేరు, సర్వే నంబరు సహా. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1925 నుంచి జిల్లా పేరు తూర్పు గోదావరి, కాబట్టి ఆ పేరు కిందే వెతకాలి. కోకనాడ అన్న పాత స్పెల్లింగు కూడా చూడండి.

కరప_కుర్రాడు

నేను ఉద్యోగం చేసేది చెన్నైలోనే. ఎగ్మూరు మా ఆఫీసుకు దగ్గర. శనివారం తెరిచి ఉంటుందో లేదో కనుక్కుంటాను. ఏ సంవత్సరాల సంపుటాలు అడగాలో ఎవరైనా రాసిపెట్టండి.

పాతపటాలు

లైను 1928లో తెరిచారు కాబట్టి భూమి అంతకు మూడు నాలుగేళ్ళ ముందే తీసుకుని ఉండాలి. 1923 నుంచి మొదలుపెట్టండి. రామచంద్రపురం తాలూకా, కాకినాడ తాలూకా రెండూ చూడండి.

ద్రాక్షారామ_వాసి

తమ్ముడూ, రామచంద్రపురం తాలూకా పేజీలు ముందు ఫోటో తీసి పంపు. మా తాతగారి సర్వే నంబరు నా దగ్గర ఉంది. కట్ట కింద మా చేను ఎంత పోయిందో, దానికి ఎంత ఇచ్చారో తేల్చుకోవాలి. కంకర సంగతి మాత్రం అక్కడ ఎవరినీ అడగకు.